పిండి మాట ఎత్తని వంటపాఠం

ఉద్యోగం అడిగేవాళ్ళుగా మిగిలిపోకండి, ఉద్యోగాలు ఇచ్చేవాళ్ళుగా ఎదగండి. తెలుగు రాష్ట్రాల్లో ఈ మాట వినకుండా డిగ్రీ పూర్తి చెయ్యడం ఈ రోజుల్లో కష్టం. ఫ్రెషర్స్ డే నాడు ఛైర్మన్ గారు అంటారు. పట్టాలిచ్చే రోజు ముఖ్య అతిథి అంటారు. మధ్యలో ఉన్న నాలుగేళ్ళూ గోడల మీది పోస్టర్లు అంటూనే ఉంటాయి. వినడానికి బాగుంటుంది, చప్పట్లు కూడా పడతాయి. ఆ చప్పట్ల మధ్య ఒక చిన్న ప్రశ్న మునిగిపోతుంది. దేంతో ఇవ్వాలి?

పిండి కొద్దీ రొట్టె అన్నారు మన పెద్దవాళ్ళు. మన కాలేజీలు పదేళ్ళుగా రొట్టెల మీద బ్రహ్మాండమైన కోర్సులు నడుపుతున్నాయి. రొట్టె గుండ్రంగా రావాలంటే ఏం చెయ్యాలి, పెనం మీద ఎప్పుడు తిప్పాలి, రొట్టె చేసేవాడి మనస్తత్వం ఎలా ఉండాలి, ప్రపంచంలో పేరుమోసిన రొట్టెలవాళ్ళు తెల్లారి ఎన్నింటికి లేస్తారు, అన్నీ చెప్తాయి. పిండి ఎవరింట్లో ఉంది, అది వాళ్ళింటికే ఎలా చేరింది అనే యూనిట్ మాత్రం సిలబస్‌లో ఉండదు. ఈ వ్యాసం ఆ లేని యూనిట్ గురించి.

ముందు ఈ పెరుగుదల ఎంత వేగంగా జరిగిందో చూడండి. 2015 నవంబర్‌లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో టీ-హబ్ మొదలైంది. 2016 జనవరి 16న కేంద్రం స్టార్టప్ ఇండియా ప్రకటించింది. అదే ఏడాది అటల్ ఇన్నోవేషన్ మిషన్ వచ్చింది, ఏఐసీటీఈ విద్యార్థుల కోసం ఒక స్టార్టప్ విధానం తెచ్చింది. 2018లో కేంద్ర విద్యాశాఖ (అప్పటికింకా మానవ వనరుల శాఖ) కాలేజీకో ఇన్నోవేషన్ కౌన్సిల్ పెట్టుకోమంది. 2019లో విద్యార్థులకీ అధ్యాపకులకీ కలిపి జాతీయ స్థాయిలో ఇంకో విధానం. 2022లో టీ-హబ్‌కి కొత్త భవనం. 2025 ఆగస్టులో అమరావతి ప్రాంతంలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్. ఆ ఏడాది మొదలయ్యేసరికే దేశంలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్టార్టప్‌లు లక్షన్నర దాటాయి.

ఈ హబ్‌లలో పని జరగడం లేదని నేను అనడం లేదు. జరుగుతోంది. సరుకున్న పిల్లలకి అక్కడ నాలుగు తలుపులు తెరుచుకుంటున్నాయి కూడా. నా బాధ అవి మామూలు కాలేజీ గేటు దాటి లోపలికి వచ్చాక ఏ రూపం తీసుకున్నాయన్నది. ఘట్‌కేసర్ రోడ్డు మీదో, ఇబ్రహీంపట్నం దారిలోనో, గుంటూరు బైపాస్ పక్కనో ఉండే కాలేజీ. మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది అక్కడే.

అక్కడ ఇన్నోవేషన్ కౌన్సిల్ అంటే ఒక క్యాలెండర్. మూడు నెలలకి ఇన్ని కార్యక్రమాలు జరగాలి. జరిగినట్టు ఫొటోలు, రిపోర్టు పోర్టల్‌లో ఎక్కించాలి. ఎక్కిస్తే నక్షత్రాలు వస్తాయి. ఆ నక్షత్రాలు అడ్మిషన్ల బ్రోషర్‌లో మెరుస్తాయి. అందుకని జనవరి 16న స్టార్టప్ డే, ఆగస్టు 21న ఆంత్రప్రెన్యూర్స్ డే, అక్టోబర్ 15న కలాం గారి జయంతి. బ్యానర్ మీద తేదీ మారుతుంది, సెమినార్ హాల్లో ముందు రెండు వరసల్లో కూర్చునే పిల్లలు మారరు. దీనికి కోఆర్డినేటర్ ఎవరంటే సివిల్ డిపార్ట్‌మెంట్‌లో సర్వేయింగ్ చెప్పుకునే మాస్టారు. ఆయనకి రెండు నెలల జీతం రావాల్సి ఉంది. తన జీతం గట్టిగా అడగలేని మనిషి చేత పిల్లలకి రిస్క్ తీసుకోవడం ఎలాగో చెప్పిస్తున్నారు. ఇది ఒక్క కాలేజీ ముచ్చటైతే హాస్యం అనుకుని వదిలెయ్యొచ్చు. మీలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళు మీ కాలేజీని ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇదంతా సిలికాన్ వ్యాలీ నుంచి నిన్న దిగుమతి అయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి దీని మూలాల్లో ఒకటి కాకినాడలో ఉంది.

అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ మీద తొలి కోర్సు మొదలుపెట్టింది 1947లో, రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు తిరిగొచ్చి చదువుల్లో చేరుతున్న రోజుల్లో. అదే హార్వర్డ్‌లో డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే సైకాలజిస్టు 1961లో ఒక పుస్తకం రాశాడు. దేశాలు బాగుపడటానికీ బాగుపడకపోవడానికీ కారణం అక్కడి మనుషుల మనసులో ఉండే సాధించాలన్న తపన అన్నాడు. ఆ తపనని కొలవడానికి ఆయన వాడిన సాధనం సాహిత్యం చదివే మనకి ఆసక్తిగా ఉంటుంది. రకరకాల దేశాల చిన్నపిల్లల వాచకాలు తెప్పించి, అందులోని కథల్లో ఆ తపన ఎంత పాళ్ళలో ఉందో లెక్క కట్టించాడు. కథల్లో తపన ఎక్కువున్న దేశం తర్వాత ఎక్కువ ఎదుగుతుందని ఆయన సిద్ధాంతం.

మరి కథలు మారిస్తే దేశం మారుతుందా? పరీక్షించడానికి ఎంచుకున్న చోటు మన కాకినాడ. 1964లో ఆ ఊరి వ్యాపారస్తుల్ని జట్లు జట్లుగా హైదరాబాద్‌లోని సియెట్ అనే సంస్థకి రప్పించి శిక్షణ ఇచ్చారు. చిన్న పరిశ్రమలకి శిక్షణనిచ్చే కేంద్ర సంస్థ అది. ఇప్పుడు యూసఫ్‌గూడలో ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అని బోర్డు కనిపించేది అదే. శిక్షణలో ముఖ్యమైన భాగం ఏంటంటే, బొమ్మ చూపిస్తారు, దాన్ని చూసి కథ రాయాలి. కథలో సాధించాలన్న తపన ఎంత కనిపిస్తే అన్ని మార్కులు. మార్కులు ఎక్కువొచ్చేలా కథ రాయడం నేర్పుతారు. చేతిలో కథ పట్టుకుని తిరిగేవాళ్ళకి యూసఫ్‌గూడ, కృష్ణానగర్ ప్రాంతం ఊరికే పేరు తెచ్చుకోలేదు.

శిక్షణ తీసుకున్నవాళ్ళు తర్వాత వ్యాపారంలో మరింత చురుగ్గా ఉన్నారని మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో వేసిన పుస్తకంలో రాశారు. ఉండొచ్చు. కానీ అక్కడ ఒక సంగతి మర్చిపోకూడదు. వాళ్ళు అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్ళు. కొట్టు ఉంది, సరుకుంది, మార్కెట్లో పరపతి ఉంది, అప్పు పుట్టే ముఖం ఉంది. పిండి ఉన్నవాడికి ఉత్సాహం ఎక్కిస్తే ఇంకో రెండు రొట్టెలు చేస్తాడు, అందులో వింత లేదు. మన కాలేజీలు కాకినాడ నుంచి కథ రాయించే భాగాన్ని తెచ్చుకుని, కొట్టునీ సరుకునీ పరపతినీ అక్కడే వదిలేసి వచ్చాయి.

ఇప్పటి క్లాసులో కథ రాయడాన్ని పిచ్ అంటున్నారు. స్టోరీటెల్లింగ్ వర్క్‌షాప్ అని పేరే పెట్టి నడుపుతున్నారు కాబట్టి ఒక కథగానే దాన్ని చదువుదాం. నాయకుడు కుర్రాడు. చదువు మీద మనసు నిలవదు, కానీ తెలివైనవాడు. ఒక రాత్రి హాస్టల్ గదిలో అతనికి ఒక సమస్య కనిపిస్తుంది, దానికి యాప్ తడుతుంది. ఎవరూ నమ్మరు. పడతాడు, లేస్తాడు. ఆఖర్లో ఒక పెద్దమనిషి చెక్కు రాస్తాడు. కథలో నాన్న లేడు. ఉన్నా ఉద్యోగం చేసుకోమని నస పెట్టే అడ్డంకిగానే ఉంటాడు. ఊరు లేదు, పొలం లేదు, కులం లేదు, ప్రభుత్వం లేదు. కోడ్ రాసిన స్నేహితురాలి పేరు రెండో పేజీ తర్వాత కనబడదు. ఇలాంటి కథ ఈ పత్రికకి వస్తే సంపాదకులు మర్యాదగా తిప్పి పంపేస్తారు. పాత్రలకి పునాది లేదంటారు. అదే కథ కాలేజీలో చెప్తే మొదటి బహుమతి.

పిచ్ కళ మనకి కొత్తదేం కాదు. గురజాడ గిరీశాన్ని ఎప్పుడో సృష్టించాడు. పెట్టుబడి నిల్లు, మాట మాత్రం ధారాళం, ఇంగ్లీషు అవసరానికి మించి, ఖర్చు ఎప్పుడూ ఇంకొకరి జేబులోంచి. ఇక వాల్యుయేషన్ గురించి కూడా మనవాళ్ళకి ముందే తెలుసు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. తేడా ఏంటంటే, గిరీశాన్ని చూసి నవ్వుకోవడానికి ఆ నాటకం రాశారు. మన సెమినార్ హాల్లో ఆయన్ని ఆదర్శంగా తీసుకోమంటున్నారు.

తెలుగులో ఈ వర్గానికి పత్రికలు పెట్టిన పేరు చూడండి, ఔత్సాహిక పారిశ్రామికవేత్త. ఉత్సాహం ముందు, పరిశ్రమ తర్వాత. ఉత్సాహమే అర్హత అన్నట్టు. కాలేజీ గేటు ముందు ఇరవయ్యేళ్ళుగా ఇడ్లీ బండి నడుపుతూ, రోజువారీ వడ్డీ కడుతూ, మునిసిపాలిటీ వాళ్ళని తట్టుకుంటూ ముగ్గురు పిల్లల్ని చదివించిన ఆవిడని ఔత్సాహిక పారిశ్రామికవేత్త అనరు. ఆవిడ చిరువ్యాపారి. ఆవిడ ఇడ్లీలు ఇంటికి చేరవేసే యాప్ బొమ్మ గీసినవాడు ఫౌండర్. ఆ కోర్సుకి గెస్ట్ లెక్చర్ ఇవ్వమని ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు.

మరి తెలుగు నేల మీద పరిశ్రమలు నిజంగా ఎలా పుట్టాయి? ఇది తెలిసిన చరిత్రే, గుట్టేం కాదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నీళ్ళొచ్చాయి, పంట మిగిలింది. మిగిలిన పంట వడ్డీ వ్యాపారం, రైసు మిల్లు అయింది, తర్వాత సినిమా హాలు, సినిమా, కాంట్రాక్టు, కాలేజీ, మందుల కంపెనీ, సాఫ్ట్‌వేర్ అయింది. భూమి ఉన్న కులాల నుంచి వ్యాపార వర్గం ఎలా తయారైందో కోస్తా మీద పరిశోధన చేసిన కెరోల్ ఉపాధ్య రాశారు. కమ్మ, రెడ్డి, రాజు కుటుంబాలు పొలం నుంచి పరిశ్రమకి నడిచిన దారిని హరీష్ దామోదరన్ 2008లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా గీశారు. ఆ దారిలో నడిచినవాళ్ళకి తెలివి లేదనీ కష్టపడలేదనీ ఎవరూ అనడం లేదు. తెలివికీ కష్టానికీ అడుగున భూమి ఉంది. కట్నం డబ్బుంది. బావమరిది పూచీకత్తు ఉంది. బ్యాంకు మేనేజర్‌తో పలకరింపు ఉంది. ఊళ్ళో ఏ పెద్ద వ్యాపారం కథ అడిగినా పది నిమిషాల్లో ఈ నాలుగూ బయటికొస్తాయి. సిలబస్‌లో రావు.

ఇంకో పిండి బస్తా ప్రభుత్వానిది. హైదరాబాద్ మందుల రాజధాని ఎలా అయింది? అప్పటికి ఇంక్యుబేషన్ సెంటర్ అన్న మాటే ఇక్కడ లేదు. ఐడీపీఎల్ ఉంది. ప్రభుత్వ డబ్బుతో కట్టిన కర్మాగారం. మందుల తయారీ తెలిసిన మనుషుల్ని అది తయారుచేసింది. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి అంతకు ముందు అందులో పనిచేసినవారే. రెండోది 1970 పేటెంట్ చట్టం. మందు మీద కాకుండా మందు తయారుచేసే పద్ధతి మీదే పేటెంట్ ఇస్తామని ఆ చట్టం అంది. ఇంకో పద్ధతిలో అదే మందు చేసుకునే వీలు మన కంపెనీలకి కలిగింది. ఒక ప్రభుత్వ రంగ సంస్థ, ఒక చట్టం. ఈ రెండూ లేకుండా ఎంతమంది ఎన్ని మోటివేషన్ క్లాసులకి వెళ్ళినా ఆ పరిశ్రమ పుట్టేది కాదు.

శాంతా బయోటెక్నిక్స్ కథ కూడా మన పిల్లలకి తరచూ చెప్తుంటారు. వరప్రసాద్ రెడ్డి 1993లో మొదలుపెట్టిన సంస్థ, 1997లో చవకగా హెపటైటిస్-బి టీకా తెచ్చింది. గొప్ప కథే, ఒప్పుకుందాం. పట్టుదలని మెచ్చుకుందాం. కానీ ఆ పరిశోధన సాగింది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత సీసీఎంబీలో అన్న వాక్యాన్ని ఎందుకు మింగేస్తారు? ప్రజల డబ్బుతో నడిచే ప్రయోగశాలలు తలుపు తీస్తే ఆ టీకా వచ్చింది. ఈ కథలోంచి తీసుకోవాల్సిన నీతి విశ్వవిద్యాలయాల్లో ప్రయోగశాలలు బాగుండాలని. మనవాళ్ళు తీస్తున్న నీతి ఉదయం ఐదింటికి లేవాలని.

మూడో దారి సహకారానిది. 1956లో ములుకనూరులో రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. అప్పట్లో కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ. అప్పు, ఎరువు, విత్తనం, పంట అమ్మకం అన్నీ సంఘమే చూసుకుంది. అదే ప్రాంతంలో 2000లో మహిళలు సొంతంగా పాల డెయిరీ పెట్టారు. ఇంత దగ్గర్లో ఇంత మంచి ఉదాహరణ ఉంటే మన పిల్లలకి స్టీవ్ జాబ్స్ గ్యారేజీ చెప్తున్నాం. ములుకనూరు కథలో ఒంటరి నాయకుడు లేడు కదా. పోస్టర్ మీద ఎవరి ముఖం వెయ్యాలో తెలీదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, రిస్క్. ప్రతి గెస్ట్ లెక్చర్‌లోనూ రిస్క్ తీసుకోండి అంటారు. పారిశ్రామికవేత్తని అర్థశాస్త్రంలో నాయకుణ్ణి చేసింది షుంపేటర్. కొత్తదనమే అతని పని అన్నది కూడా ఆయనే. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు తప్పకుండా ఉంటుంది. కానీ నష్టభయం మొయ్యడం పారిశ్రామికవేత్త పని కాదని, అది డబ్బు పెట్టినవాడిదని షుంపేటర్ పట్టుబట్టి వాదించాడు. పేరు ఉంచుకుని ఆ వాదన వదిలేశారు. ఎందుకంటే అది ఉంచితే తర్వాతి ప్రశ్న దానంతటదే వస్తుంది. ఈ క్లాసులో డబ్బు పెట్టేది ఎవరు?

ఇద్దరు విద్యార్థుల్ని ఊహించుకోండి. ఒకే క్లాసు, ఒకే ఐడియా. కుర్రాడి నాన్నకి కూకట్‌పల్లిలో అద్దెలొచ్చే ఫ్లాట్లున్నాయి. అమ్మాయి వాళ్ళకి వనపర్తి దగ్గర రెండెకరాలు. ఆ అమ్మాయి చదువు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడుస్తోంది. ఇద్దరూ రెండేళ్ళు స్టార్టప్ నడిపారు, ఇద్దరివీ మూతపడ్డాయి. చాలావరకు మూతపడతాయని ఆ రంగంలోవాళ్ళే చెప్తారు కాబట్టి ఇందులో వింత లేదు. కుర్రాడికి అది అనుభవం. లింక్డిన్‌లో రాసుకుంటాడు, ఎంబీఏ ఇంటర్వ్యూలో చెప్పుకుంటాడు. అమ్మాయికి అది రెండేళ్ళ జీతం పోవడం, అమ్మ మెళ్ళో గొలుసు ముత్తూట్‌లో ఉండిపోవడం, పెళ్ళి మాటలు మొదలవడం. ఫెయిల్యూర్‌ని సెలబ్రేట్ చెయ్యండి అని స్టేజి మీద చెప్పేవాళ్ళు దయచేసి ఎవరి ఫెయిల్యూరో చెప్పాలి. ఓటమిని పండగ చేసుకోవడానికి కూడా ఇంట్లో బియ్యం ఉండాలి.

కాలేజీ మాత్రం నష్టపోదు. 2019 విధానం ప్రకారం, విద్యార్థి స్టార్టప్‌కి సదుపాయాలిచ్చిన సంస్థ అందులో 2 నుంచి 9.5 శాతం వరకు వాటా తీసుకోవచ్చు. నిజంగా ల్యాబు, మనుషులు, పరికరాలు ఇచ్చిన చోట అది న్యాయమే. ఇచ్చింది ఒక గది, రెండు బీన్ బ్యాగులు, ఒక వైఫై పాస్‌వర్డు అయితే? గెలిస్తే వాటా, ఓడితే ఫొటో. రెండిట్లోనూ కాలేజీకి లాభమే.

అందరూ వ్యాపారస్తులే, కావాల్సిందల్లా కాస్త అప్పూ కాస్త ఉత్సాహమూ అన్న ప్రయోగం మన దగ్గర ఒకసారి జరిగింది కూడా. అప్పుడు దాన్ని పేద ఆడవాళ్ళ మీద చేశారు. సూక్ష్మరుణాలు. 2010 ఆగస్టులో ఎస్కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్లు మార్కెట్‌కి వచ్చాయి, జనం ఎగబడి కొన్నారు. అదే అక్టోబర్‌లో, వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న వార్తల మధ్య, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. రెండు నెలల తేడా. ఈ అధ్యాయం కంటే మంచి కేస్ స్టడీ మన ఆంత్రప్రెన్యూర్‌షిప్ విద్యార్థికి ఇంకేం కావాలి? అది జరిగిన ఊళ్ళ నుంచే ఆ పిల్లలు వస్తున్నారు. ఆ క్లాసులో అది తప్ప అన్నీ ఉంటాయి.

ఇదంతా ఎందుకు ఇలా ఉంది? బోధన సరిగ్గా రాక అనుకుంటే అమాయకత్వం. మనస్తత్వం నేర్పడం చాలా చవక. పిండి పంచడం ఖరీదు. అందులోనూ మనస్తత్వం నేర్పడంలో ఇంకో సౌకర్యం ఉంది, ఫలితం రాకపోతే తప్పు నేర్చుకున్నవాడిది.

నీళ్ళు, నిధులు, నియామకాలు అని తెలంగాణ ఉద్యమం అడిగింది. నియామకాలు అన్న మాటలో ఒక హక్కు ఉంది. ఇచ్చేవాడు ఒకడున్నాడు, ఇవ్వకపోతే నిలదీయొచ్చు. ఉస్మానియా పిల్లలు నిలదీశారు కూడా. రాష్ట్రం వచ్చాక గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకై 2023 మార్చిలో పరీక్ష రద్దయితే, అశోక్‌నగర్ గదుల్లో ఏళ్ళ తరబడి చదువుతున్నవాళ్ళు రోడ్డు మీదికొచ్చి అడిగింది కూడా ఆ హక్కునే. అవతల ఆంధ్రలో 2014 ఎన్నికల్లో ఇంటికో ఉద్యోగం అన్నారు, ఇప్పుడు కుటుంబానికో పారిశ్రామికవేత్త అంటున్నారు. ఈ రెండు నినాదాల మధ్య ఏం మారిందో గమనించండి. మొదటిదాంట్లో బాకీ ప్రభుత్వానిది. రెండోదాంట్లో బాకీ కుటుంబానిది. ఉద్యోగం రాని కుర్రాడు ఇదివరకు సర్కారుని తిట్టుకునేవాడు. ఇప్పుడు అద్దంలో చూసుకుని తనని తనే తిట్టుకుంటున్నాడు. పదేళ్ళ ఆంత్రప్రెన్యూర్‌షిప్ విద్య సాధించిన నికరమైన ఫలితం ఏదైనా ఉంటే అది ఇదే.

దీనికి గట్టి సమాధానం ఒకటి ఉంది, దాన్ని దాటవేయను. వ్యాపారస్తుల ఇళ్ళలో పిల్లలు అన్నం తింటూ లెక్కలు వింటారు. బాకీ ఎలా వసూలు చెయ్యాలి, ఎవరికి అరువివ్వకూడదు, జీఎస్టీ నోటీసు వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ పన్నెండేళ్ళకే చెవిన పడతాయి. కూలి చేసుకునే ఇంట్లో, చిన్న ఉద్యోగి ఇంట్లో పుట్టిన పిల్లకి అవి ఎవరు చెప్తారు? కాలేజీ చెప్పకపోతే వ్యాపారం ఎప్పటికీ ఆ నాలుగు కులాల గుత్తగానే ఉండిపోదా? దళిత బహుజన విద్యార్థులు పరిశ్రమలు పెట్టాలని కోరుకోవడం తప్పా? ఎప్పుడూ ఎవరి కిందో పనిచెయ్యమని చెప్పడం ఇంకో రకం పెత్తనం కాదా?

నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. ఈ కోర్సు ఉండాలనడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. అందుకే ఈ కోర్సు మీద నా కోపం. ఆ అమ్మాయికి కావాల్సింది అన్నాల దగ్గర వినిపించే ఆ లెక్కలు. మనం ఇస్తున్నది టెడ్ టాక్. జేఎన్‌టీయూలో చదివినవాళ్ళందరూ మేఫా అనే పేపర్ రాసే ఉంటారు. అందులో డెబిట్, క్రెడిట్ బట్టీ పట్టి పాసయినవాళ్ళలో ఎంతమంది ఒక చిన్న కొట్టు ఏడాది లెక్క తేల్చగలరు? ఎస్సీ, ఎస్టీలకీ మహిళలకీ ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక్కొక్కరికైనా 10 లక్షల నుంచి కోటి దాకా అప్పివ్వాలని 2016లో స్టాండప్ ఇండియా పథకం వచ్చింది. స్లైడ్ మీద అదొక చుక్క పాయింటు. అలాంటి అప్పుకి దరఖాస్తు రాయించి, పిల్లల్ని బ్యాంకుకి తీసుకెళ్ళి, మేనేజర్ ఎందుకు కాదన్నాడో రాతపూర్వకంగా తెచ్చుకోవడాన్ని అసైన్‌మెంట్‌గా ఇచ్చిన కోర్సు ఉంటే దాని ముందు నేను చేతులు కట్టుకుని నిలబడతాను.

కాబట్టి ఈ కోర్సులు ఎత్తెయ్యమని అడగడం లేదు. నిజం చెప్పమని అడుగుతున్నాను.

మొదటి యూనిట్‌లో పిండి ఉండాలి. ఈ ఊళ్ళో వ్యాపారాలు ఎవరివి, వాటికి మొదటి పెట్టుబడి ఎక్కడిది అని విద్యార్థులే తిరిగి, అడిగి రాయాలి. అందులో కులం మాట వస్తుంది, భూమి మాట వస్తుంది. రానివ్వండి. ఇడ్లీ బండి ఆవిడకి గౌరవ వేతనం ఇచ్చి పాఠం చెప్పించండి. రోజువారీ వడ్డీ ఏడాదికి ఎంతవుతుందో ఆవిడ చెప్పినంత స్పష్టంగా ఏ ప్రొఫెసరూ చెప్పలేడు. ఒంటరి కంపెనీతో పాటు సహకార సంఘం ఎలా రిజిస్టర్ చెయ్యాలో నేర్పండి. దాని కోసం 1995లో మన రాష్ట్రమే ఒక మంచి చట్టం చేసుకుంది. మూతపడ్డ స్టార్టప్‌ల లెక్కలు తెప్పించి, అప్పు చివరికి ఎవరు కట్టారో చూపించండి. కంపెనీ మూసెయ్యడం ఎలాగో కూడా నేర్పండి, తెరవడం మాత్రమే నేర్పితే అది వల. కాలేజీ ర్యాంకుల కోసం స్టార్టప్‌ల తలలు లెక్కపెట్టడం ఆపండి. అన్నిటికంటే ముందు, వ్యాపారం వద్దు, మంచి ఉద్యోగం చాలు అనే పిల్లని తక్కువ చేసి మాట్లాడటం మానండి. నెలకి ఒకసారి ఖచ్చితంగా పడే జీతం ఎన్ని తరాల కలో ఆ ఇంటికి వెళ్ళి అడిగితే తెలుస్తుంది.

అంతకంటే ముందు చెయ్యాల్సిన పని ఇంకోటి ఉంది. 2025 నవంబర్‌లో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం బంద్ చేశాయి. ప్రభుత్వం కాలేజీకి బాకీ పడితే, కాలేజీ లెక్చరర్‌కి బాకీ పడుతుంది. ఆఖర్న ఫీజు కట్టి సర్టిఫికెట్ తీసుకెళ్ళమని విద్యార్థిని అడుగుతారు. సర్టిఫికెట్ లేకపోతే ఉద్యోగానికి దరఖాస్తు లేదు, పై చదువు లేదు. ఉద్యోగాలు ఇచ్చే స్థాయికి ఎదగమని ఆ పిల్లకి చెప్పిన వ్యవస్థే ఆ పిల్ల కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తోంది.

అడిగేవాళ్ళుగా ఉండొద్దు అని కదా చెప్తున్నారు. అడగాలి. ముందు ఆ బీరువా తాళం అడగాలి.